రేనాటి సింహము – చరిత్రయా? కథయా?

ప్రపంచ పురాణములను, జానపద గాథలను చదివిన విద్యార్థికి కొన్ని వింత ప్రశ్నలు తోచక మానవు. ఇరాను వీరుడు రుస్తుం ఏనుగులను కూల్చగలిగియు సవతి తమ్ముడు త్రవ్వించిన గోతిలో ఏల పడినాడు? ఆంగ్లేయుల రాబిన్ హుడ్ వైద్యము చేయవలసిన బంధువు చేతిలోనే ఏల రక్తమోడి చనిపోయినాడు? తెగిన శిరస్సు మాటాడుట, కాపలా కాయుట అను కల్పన అన్ని దేశములవారికీ ఎట్లు కలిగినది? నిజముగా బ్రతికిన మనిషి ఎంతకాలమునకు కథలోని మనిషిగా మారును? వీటికి సమాధానము వెదకుటకు మనము గ్రీసుకో ఇరానుకో పోనక్కరలేదు. ఆళ్లగడ్డకు పడమటనున్న ఉయ్యాలవాడ గ్రామమునకు పోయిన చాలును.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి రేనాటి పాలెగాండ్ర వంశమునకు చెందినవాడు. తండ్రి పెద్దమల్లారెడ్డి. నొస్సం పాలెగాడైన జయరామిరెడ్డి ఇతని మాతామహుడు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసినాడు. పిమ్మట కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాండ్ర అధికారమును రూపుమాపి, కోటలను, సైన్యమును తొలగించి, కొందరికి నెలసరి భరణము ఏర్పరచినాడు. ఆ విధముగా ఉయ్యాలవాడ కుటుంబమునకు దక్కినది నెలకు 70 రూపాయలు. అందు ఆరవ వంతు, అనగా 11 రూపాయల 10 అణాల 8 పైసలు నరసింహారెడ్డి వాటా. తాతలు ఏలిన నేలమీద మనుమడు నెలనెలా ఖజానా వాకిట చేయి చాచవలసి వచ్చినది.

1846లో ఈ భరణము విషయమున కోయిలకుంట్ల తాసిల్దారు కచేరీలో అవమానము జరిగినదని చెప్పుదురు. అయితే ఒక్కని అవమానము తిరుగుబాటు కాజాలదు. ఆ రోజులలోనే గ్రామరక్షణ చేయు కట్టుబడుల మాన్యములు, హక్కుదారులు మరణించినప్పుడు, వారసులకు దక్కక సర్కారు వశమగుచుండెను. తరతరాలుగా ఊరికి కాపలా కాచినవారు ఒక్కసారిగా నిరాధారులైరి. పాలెగాని మనుమని కోపము, కట్టుబడి కొడుకు ఆకలి ఒక చోట కలిసినవి. వడ్డె ఓబన్న ఆయనకు కుడిభుజమైనాడు. ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. ఓబన్న, ఓబులేసు అను పేర్లు అహోబిలేశ్వరుని పేరునుండి వచ్చినవి. నరసింహుడన్నను ఆ స్వామియే. నల్లమలలో వెలసి, చెంచులక్ష్మిని పెండ్లాడి, చెంచులకు అల్లుడైన దేవుని రెండు పేర్లను ధరించిన ఇద్దరు మనుష్యులు ఆ కొండల నీడలోనే కత్తి పట్టిరి. పాటకట్టిన వారికి ఇంతకంటె ఏమి కావలెను?

1846 జూలై 10న నరసింహారెడ్డి అనుచరులతో కోయిలకుంట్ల ఖజానాపై పడినాడు. తాసిల్దారును, ఖజానా ఉద్యోగిని చంపి, 805 రూపాయల 10 అణాల 4 పైసలు తీసికొనిపోయిరి. ఆ నెలలోనే గిద్దలూరు ప్రాంతమున కంపెనీ పటాలముతో పోరు జరిగినది. తరువాత నల్లమల అడవులే ఆయనకు కోటగోడలైనవి. కడప కలెక్టరు కాక్రేన్ బహుమతి ప్రకటించి, సైన్యమును నలుదిక్కుల పంపినాడు. మూడు నెలలు తిరుగకుండనే, 1846 అక్టోబరు 6న, పేరుసోముల సమీపమునగల జగన్నాథకొండ వద్ద నరసింహారెడ్డి పట్టుబడినాడు.

ఎట్లు పట్టుబడినాడు? సర్కారువారికి ఇది గాలింపు ఫలితము. కథ చెప్పువారికి మాత్రము అది చాలదు. నమ్మినవారే ఒప్పగించిరని వారు చెప్పుదురు. మనము మొదట అడిగిన ప్రశ్నకు సమాధానము ఇక్కడ లభించును. రుస్తుంను గాని, రాబిన్ హుడ్‌ను గాని, నరసింహారెడ్డిని గాని శత్రువు ఎదుట నిలిచి గెలిచినాడని ఒప్పుకొనుటకు జనము మనస్సు అంగీకరింపదు. తమవాడు బలహీనుడై ఓడలేదు, తమలోనే ఒకడు ద్రోహియై ఓడించినాడు అని చెప్పుకొనుటలో ఒక ఓదార్పు కలదు, ఒక హెచ్చరిక కూడ కలదు. ద్రోహము నిజముగా జరిగినను జరుగకున్నను, కథకు అది అవసరము.

విచారణలో దాదాపు 900 మందిపై అభియోగములు మోపబడినవి. 112 మందికి శిక్షలు పడినవి. నరసింహారెడ్డికి మరణశిక్ష విధించి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జుర్రేరు ఒడ్డున, రెండువేలకు పైబడిన జనము చూచుచుండగా ఉరితీసిరి. అంతటితో తృప్తి చెందక, ఆయన శిరస్సును కోటగుమ్మమునకు వ్రేలాడదీసి, 1877 వరకు, అనగా ముప్పది సంవత్సరములు అట్లే ఉంచిరి. దానిని చూచి భయపడి ఇంకెవ్వరును తల ఎత్తరాదని పాలకుల ఉద్దేశము.

ఆ పాలకులకు జానపద గాథల స్వభావము తెలియదు. గ్రీకుల ఓర్ఫియస్ తల తెగి నదిలో పడి కూడ పాడుచునే పోయినది. వెల్ష్ వారి కథలలో బ్రాన్ అను రాజు శిరస్సును లండన్ కొండపై పాతిపెట్టగా, అది దేశమును శత్రువులనుండి కాపాడినదట. మన బర్బరీకుని శిరస్సు కురుక్షేత్ర యుద్ధమంతయు చూచి సాక్ష్యము పలికినది. తెగిన తల నోరు మూయదని లోకమంతటా జనము నమ్మినది. కోయిలకుంట్ల గుమ్మము మీద కూడ అదియే జరిగినది. ఆ దారిన పోయిన తల్లి తన బిడ్డకు ఆ శిరస్సు ఎవరిదో చెప్పవలసి వచ్చినది. చెప్పిన ప్రతి పర్యాయము కథ మరికొంత పెరిగినది. భయము కొరకు కట్టిన శిరస్సే ముప్పది ఏండ్ల పాఠశాల అయినది.

పాటలో పెరిగిన నరసింహారెడ్డి కాగితములలోని నరసింహారెడ్డికంటె ఎత్తైనవాడు. అమీర్ హంజా విషయమును చూడుడు. ఉహద్ యుద్ధమున అమరుడైన చారిత్రక పురుషుని పేరుమీద దేవులు, పరీలు, మాయాద్వీపములు నిండిన మహా దాస్తాన్ ఎన్నో దేశములలో అల్లుకొన్నది. దానిని విన్నవారెవ్వరును హంజా అను మనిషి లేడనుకొనలేదు. దాస్తాన్ దాస్తానే, తారీఖ్ తారీఖే అని ఎరిగియే విన్నారు. మన వీరుని విషయములోను ఈ వివేకము అవసరము. పాట ఒక్కటే నమ్మినవాడు 11 రూపాయల 10 అణాలను మరచును, మాన్యములు పోయిన కట్టుబడులను మరచును. కాగితమొక్కటే నమ్మినవాడు అంతమంది ఏల ఆయన వెంట నడిచిరో ఎరుగడు. ఇంకొక మాట కూడ చెప్పుట న్యాయము. ఖజానా వాకిట చనిపోయిన ఉద్యోగులకు కూడ ఇండ్లు, భార్యాబిడ్డలు ఉండియుందురు. వారికి పాట లేదు. వీరగాథ ఎవరిని తలచుకొనునో కాదు, ఎవరిని వదలివేయునో కూడ చదువుకొన్నవాడు గమనింపవలెను.

ఈ సీమ వీరగాథలను డాక్టరు తంగిరాల వెంకట సుబ్బారావుగారు శ్రమించి సేకరించి గ్రంథస్థము చేసిరి. 2019లో ఈ కథ చలనచిత్రముగా వచ్చి దేశమంతట ప్రదర్శింపబడినది. ఐనను ఒక చిన్న ఆందోళన కలదు. చిత్రము చూచినవారికి ఒక్క కథయే మిగులును. ఊరూరను వేర్వేరుగా పాడిన పాటలు, ఒక అవ్వ చెప్పినది ఇంకొక అవ్వ ఒప్పుకొనని తగవులు, పాడువారితోనే అంతరించిపోవును.

కావున విద్యార్థి మిత్రులు సెలవులకు ఊళ్లకు పోయినప్పుడు నానమ్మనో, తాతనో, దాదీనో ఒక ప్రశ్న అడిగి, వారి సమాధానమును వారి మాటలలోనే ఒక పుస్తకమున వ్రాసికొందురు గాక. రెండు ఊళ్ల కథలు ఒకదానితో ఒకటి పొసగకపోయినచో విచారింపనక్కరలేదు. అట్లు పొసగని చోటనే జనము తమ మనస్సులోని మాట దాచుకొని యుందురు.