యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన సుబ్బారావు జన్మించెను. స్ప్రూ అను వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొనెను. ఆ దుఃఖమును దిగమ్రింగి మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకు పోయెను. బోస్టను నగరమున ఉదరపోషణకై రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేసెను.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కెతో కలిసి ఆయన కండరములలో ఏ.టి.పి. అను పదార్థమును కనుగొని 1929లో ప్రకటించెను. అదే కాలమున జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొనెను. కణములకు శక్తినిచ్చునది అదియే.

దాని మహిమ అంతటితో ముగియలేదు. మెదడు అడుగుభాగమున హైపోథలామస్ కలదు. దాని ఆజ్ఞననుసరించి, బఠాణీగింజంతటి పిట్యూటరీ గ్రంథి కొన్ని హార్మోనులను రక్తములోనికి విడుచును. అవి థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులను పనికి పురికొల్పును. అయితే ఆ హార్మోనులు కణముల వాకిటనే నిలిచిపోవును. లోపలికి వార్త చేర్చు దూత సైక్లిక్ ఏ.ఎం.పి.; అది ఏ.టి.పి. నుండియే పుట్టును. ఆ దూతను కనుగొనిన సదర్లాండునకు 1971లో నోబెల్ బహుమానము లభించెను.

అప్పటికి సుబ్బారావు లేడు. 1948 ఆగస్టులో న్యూయార్కున కన్నుమూసెను. కాని అంతకుముందే, 1945లో, ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. సోదరులను హరించిన వ్యాధికి అది ఔషధమాయెను. తన వారిని కాపాడుకొనలేని ఆ సోదరుడు ఎందరి సోదరులనో కాపాడెను.