విత్తనం లేని మొక్కతో మొదలుపెట్టి.. రాళ్లలో అడవుల్ని చదివాడు! ఎవరీ బీర్బల్ సాహ్ని?

మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల పక్కన నర్సరీల్లో వేలాడే ఫెర్న్ మొక్కలు చూసే ఉంటారు. పువ్వు ఉండదు, కాయ ఉండదు, విత్తనం అసలే ఉండదు. మరి ఎలా పుడతాయి? ముదిరిన ఆకు తిప్పి చూడండి. వెనకాల గోధుమ రంగు చుక్కలు కనిపిస్తే అది తెగులు కాదు.. సిద్ధబీజాల సంచులు. ఆ పొడి తడి నేల మీద పడితే ముందు చిన్న పచ్చటి రేకు మొలుస్తుంది. దాని మీద ఆడ, మగ కణాలు నీటి తడిలో కలిశాకే అసలు ఫెర్న్ వస్తుంది.

ఇలాంటి మొక్కల లోపలి నిర్మాణం చదువుతూ ఎదిగిన శాస్త్రవేత్తే బీర్బల్ సాహ్ని.

లాహోర్ టు కేంబ్రిడ్జ్

1891 నవంబర్ 14న ఇప్పటి పాకిస్థాన్‌లోని భేరాలో పుట్టారు. తండ్రి రుచిరామ్ సాహ్ని కెమిస్ట్రీ ప్రొఫెసర్. లాహోర్‌లో డిగ్రీ అయ్యాక బీర్బల్ కేంబ్రిడ్జ్ వెళ్లారు. అక్కడ ప్రొఫెసర్ సీవార్డ్ దగ్గర పరిశోధన చేశారు. మొదట్లో పట్టుకున్న వాటిలో ఒకటి నెఫ్రోలెపిస్ ఫెర్న్. మన నర్సరీల్లో అమ్మే బోస్టన్ ఫెర్న్ కూడా ఆ రకమే. దాని దుంపల్లో నీటిని మోసే నాళాలు ఎలా అమరి ఉన్నాయో 1916లో పేపర్ రాశారు.

దుంప కోసి చూస్తే ఏమొస్తుంది అనుకోవద్దు. రాయిగా మారిన మొక్కకి రంగు, వాసన మిగలవు. కానీ పల్చగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే నాళాల వరస కనిపిస్తుంది. బతికున్న మొక్క తెలిసినవాళ్లకే ఆ రాయి అర్థమవుతుంది.

అజొల్లా కథ

మన పాడి రైతులు టార్పాలిన్ గుంటల్లో పెంచే అజొల్లా కూడా ఫెర్నే. పెద్దవి, చిన్నవి.. రెండు రకాల సిద్ధబీజాలు దీనివి. 1940ల మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతపు రాళ్లలో దొరికిన అజొల్లా శిలాజాన్ని సాహ్ని వర్ణించారు. హెచ్.ఎస్. రావుతో కలిసి దానికి అజొల్లా ఇంటర్‌ట్రాపియా అని పేరు పెట్టారు. దక్కన్ లావా పొరల మధ్య ఉన్న ఆ రాళ్ల వయసు సుమారు 6.5 కోట్ల ఏళ్లు! ఆ లావా పొరలు మన వికారాబాద్ దాకా ఉన్నాయి. శామీర్‌పేట గుట్టలు మాత్రం అంతకంటే ఎంతో పాత గ్రానైట్.. వాటిలో మొక్కల శిలాజాలు వెతికినా దొరకవు.

వారం రోజుల్లోనే..

1921లో లక్నో యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరిన సాహ్ని చివరిదాకా అక్కడే ఉన్నారు. 1936లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. శిలాజ మొక్కల కోసమే ఓ ఇన్‌స్టిట్యూట్ పెట్టాలన్నది ఆయన కల. 1949 ఏప్రిల్ 3న ప్రధాని నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. శిలాజాలు పొదిగిన ఆ శంకుస్థాపన రాయి సాహ్ని చేయించిందే. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 10న, గుండెపోటుతో ఆయన కన్నుమూశారు.

కొత్త భవనానికి అప్పటికి పడింది ఆ పునాది రాయి మాత్రమే. బాధ్యత భార్య సావిత్రి మీద పడింది. ఆమె వెనకడుగు వేయలేదు. 1953 జనవరిలో భవనం ప్రారంభమైంది. ప్రారంభించింది కూడా నెహ్రూనే. సావిత్రికి 1969లో పద్మశ్రీ వచ్చింది. లక్నోలోని ఆ సంస్థ ఇవాళ బీర్బల్ సాహ్ని పేరుతోనే నడుస్తోంది.