శునకాల చిత్రకారుడు సర్ ఎడ్విన్ లాండ్‌సీర్

మేము చిన్నతనంలో చదువుకొన్న నేటాలు బడిలో, పెద్ద పంతులుగారి గది గోడకు ఒక పాత అచ్చు పటం వేలాడుతుండేది. ఒక బీద ఇల్లు. మధ్య శవపేటిక. దానిమీద తల ఆన్చి కూర్చొన్న ఒక కుక్క. తప్పు చేసి ఆ గదిలో నిలుచున్నప్పుడల్లా మా చూపు ఆ కుక్కమీదికే పోయేది. మాకంటే అదే ఎక్కువ బాధపడుతున్నట్లు తోచేది. ఆ చిత్రం వేసినది ఎవరో తెలిసింది మేము కూడా పంతుళ్ళమైన తరువాతనే. ఆ మహనీయుని కథను మన పిల్లలకోసం, సాయంకాలపు తరగతిలో నేర్చుకొన్న తెలుగులో చెబుతున్నాము. తప్పులుంటే పెద్దలు మన్నింతురుగాక.

ఎడ్విన్ లాండ్‌సీర్ 1802 మార్చి 7న లండను నగరంలో జన్మించారు. తండ్రి జాన్ లాండ్‌సీర్ లోహపు పలకలమీద బొమ్మలు చెక్కి అచ్చు వేసే పనిలో ప్రవీణుడు. ఆయన పిల్లలను పొలాలకు తీసుకొనిపోయి, మేస్తున్న పశువులను చూపి బొమ్మలు గీయించేవారు. ఆ శిక్షణ వృథా కాలేదు. 1815లో, పదమూడేళ్ళ ప్రాయంలోనే, ఎడ్విన్ చిత్రాలు రాయల్ అకాడమీ ప్రదర్శనలో నిలిచాయి. హేడన్ అనే చిత్రకారుడు ఆయనకు ఒక మంచి మార్గం చూపారు. చర్మం కింద ఎముక ఎక్కడ ఉన్నదో, కండరం ఎటు కదులుతుందో తెలియనిదే జంతువును చిత్రించలేమని చెప్పి, చనిపోయిన జంతువులను కోసి పరీక్షించమని ప్రోత్సహించారు. ఎడ్విన్ ఆ కష్టమైన పనికి వెనుదీయలేదు.

తైలవర్ణాలు నీటిరంగులవలె వెంటనే ఆరిపోవు. తడిమీదనే ఒక రంగును మరొక రంగులో కలపవచ్చు. బొచ్చు మెత్తదనం, ముక్కు చెమ్మ, కంటిలో మెరుపు చూపడానికి అవి ఎంతో అనువైనవి. లాండ్‌సీర్ చేతిలో ఆ రంగులు ప్రాణం పోసుకొన్నాయి. 1820లో, మంచులో చిక్కుకొన్న బాటసారిని రెండు కుక్కలు కాపాడుతున్నట్లు చిత్రించారు. ఒక కుక్క మెడలో చిన్న సారా పీపా వ్రేలాడుతుంది. ఆ జాతి కుక్కకు మెడలో పీపా కట్టి చూపడం ఈ చిత్రంతోనే లోకమంతా వ్యాపించింది. నీటిలో మునిగేవారిని రక్షించే, నలుపు తెలుపు కలిసిన పెద్ద కుక్కను కూడా ఆయన వేశారు. ఆ రకం కుక్కలను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

విక్టోరియా రాణికి ఆయన చిత్రాలంటే ప్రీతి. ఆమె పెంచుకొన్న డాష్ అనే కుక్కను, తరువాత 1841లో ఆమె భర్త ఆల్బర్టు వేటకుక్క ఈయాస్‌ను చిత్రించారు. అయితే రాజభవనపు కుక్కలకు ఇచ్చిన గౌరవాన్నే ఆయన పేదవాని కుక్కకూ ఇచ్చారు. మేము బడిలో చూసిన చిత్రం 1837 నాటిది. చనిపోయినది ఒక ముసలి గొర్రెల కాపరి. ఆయన కర్ర, టోపీ నేలమీద ఉన్నాయి. బైబిలు, కళ్ళజోడు పక్కన ఉన్నాయి. ఆ గదిలో దుఃఖించడానికి మనిషి లేడు, కుక్క మాత్రమే ఉన్నది. స్వర్గద్వారం దాకా ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథను అమ్మమ్మల నోట విన్న మనకు ఈ చిత్రం పరాయిది కాదు.

ఆయన చిత్రాలను లోహపు పలకలమీద చెక్కి వేలకొలది అచ్చు వేశారు. ఆయన అన్న థామస్‌కు చెవుడు ఉన్నా, ఆ చెక్కుడు పనిలో దిట్ట. అచ్చు పటాలవల్లనే లాండ్‌సీర్ కుక్కలు సముద్రాలు దాటి సామాన్యుల గోడలకు ఎక్కాయి.

ఇంత కీర్తి గడించిన మనిషి సుఖంగా జీవించలేదు. 1840లో ఆయన మనసు బాగా దెబ్బతిన్నది. ఆ తరువాత దిగులు, అనుమానాలు, మద్యం ఆయనను వదలలేదు. పెండ్లి చేసుకోలేదు. 1850లో సర్ బిరుదు వచ్చింది. 1866లో రాయల్ అకాడమీ అధ్యక్ష పదవి వెదుక్కొంటూ వస్తే వద్దన్నారు. లండను ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నెల్సన్ స్తంభం చుట్టూ ఉన్న నాలుగు కంచు సింహాలు ఆయన రూపొందించినవే. ఆ పని 1858లో అప్పగిస్తే, సింహాలు పీఠాలకు ఎక్కినది 1867లో. పంజాలు కుక్క పాదాలవలె ఉన్నాయని చూసినవారు అంటుంటారు. మాకైతే అది తప్పుగా తోచదు. 1872లో, కుటుంబంవారు కోరగా, ఆయనకు మతి స్థిమితం లేదని నిర్ణయించారు. 1873 అక్టోబరు 1న కన్నుమూశారు.

ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. మా చిన్నాన్నగారికి ఇటువంటి జబ్బే ఉండేది. చుట్టాలు వస్తే వెనుక గది తలుపు మూసేవాళ్ళం. పిల్లలకు సంబంధాలు రావేమోనన్న భయం. ఆయనకు పలహారం పెట్టి వచ్చేవాళ్ళమే గాని, పక్కన కూర్చొని మాట్లాడినవాళ్ళం కాము. ఆ వాకిట్లో రోజంతా కూర్చొన్నది మా ఇంటి కుక్క ఒక్కటే. బడిలోని పటాన్ని చూసి జాలిపడిన మేమే, ఇంట్లో దాన్ని గుర్తించలేకపోయాము.

లాండ్‌సీర్ పోయిన వార్త విని లండనులో జెండాలు దించారు. కంచు సింహాల మెడలలో పూలదండలు వేశారు. వీధుల పొడుగునా జనం నిలబడి ఆయనను సెయింట్ పాల్ దేవాలయానికి సాగనంపారు. ఆ గౌరవం ఆయనకు తగినదే. కాని ఆయన చీకటిలో ఉన్న ముప్పది ఏండ్లలో కావలసినది పూలదండలు కాదు, పక్కన కూర్చొనే తోడు. మన కుటుంబాలలో అటువంటివారు ఉంటే తలుపు మూయకండి. దగ్గర కూర్చోండి. కుక్కకు చేతనైన పని మనకు చేతకాకపోదు.