మన రఫీ సాహెబ్

రఫీ పాట వినిపించని ఇల్లు గద్వాలలో గానీ, వనపర్తిలో గానీ, నాగర్‌కర్నూలులో గానీ ఉండేదంటే నేను నమ్మను. 2016లో మూడూ మూడు జిల్లా కేంద్రాలైనాయి గానీ, మా చిన్నతనంలో అంతా ఒక్క పాలమూరు జిల్లాయే. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. బుధవారం రాత్రి 8 గంటలకు రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతు వినపడిందంటే చాలు, హోటలు ముందర చాయ్ కప్పు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే నిలబడేవారు. ఆ గుంపులో మనవాళ్ళూ ఉండేవారు, కోమటి సావుకారు కొడుకులూ ఉండేవారు.

మహమ్మద్ రఫీ 1924 డిసెంబరు 24న పంజాబులో అమృతసర్ దగ్గరి కోట్లా సుల్తాన్ సింగ్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి హాజీ అలీ మహమ్మద్. ఊళ్ళో పాడుకుంటూ తిరిగే ఒక ఫకీరు వెంట పడి, ఆయన పాట పాడినట్టే పాడేవాడట పిల్లవాడు. తర్వాత కుటుంబం లాహోరు చేరింది. అక్కడ తండ్రిది క్షౌరశాల. గొప్పింటి బిడ్డ కాదు, సిఫారసు చేసేవాడూ లేడు. ఉస్తాద్ అబ్దుల్ వహీద్ ఖాన్, పండిత్ జీవన్‌లాల్ మట్టూ, ఫిరోజ్ నిజామీల దగ్గర సంగీతం నేర్చుకున్నారు. సంగీత దర్శకుడు శ్యాంసుందర్ 1944లో వచ్చిన పంజాబీ చిత్రం గుల్ బలోచ్‌లో పాడించారు. ఆ సంవత్సరమే బొంబాయి చేరి, భెండీ బజారులో చిన్న గదిలో కాపురం పెట్టారు.

1947లో జుగ్ను చిత్రంలో నూర్జహాన్‌తో పాడిన పాట ఊరూరా మోగింది. దేశం రెండైనప్పుడు నూర్జహాన్ పాకిస్తాన్ వెళ్ళిపోయారు, రఫీ బొంబాయిలోనే ఉండిపోయారు. 1948లో గాంధీజీ హత్య తర్వాత బాపూజీ జీవితకథను రఫీ పాటగా పాడితే, నెహ్రూ తన ఇంటికి పిలిపించుకుని పాడించుకున్నారు. 1952లో బైజూ బావ్రా వచ్చింది. అందులో మాల్‌కౌంస్ రాగంలోని భజన రాసింది షకీల్ బదాయూనీ, స్వరపరచింది నౌషాద్, పాడింది రఫీ. ముగ్గురూ ముస్లిములే. నమాజు తప్పని మనిషి, మద్యం ముట్టని మనిషి, గుడిలో వినిపించే భజన అంత మనసుపెట్టి పాడారు.

ఇక మన తెలుగు సంగతి. 1964లో నాగయ్యగారు తీసిన భక్త రామదాసులో గుమ్మడి కబీరు వేషం వేస్తే, ఆయనకు గొంతు ఇచ్చింది రఫీ. 1969లో భలే తమ్ముడు వచ్చింది. హిందీ చైనా టౌన్‌లో షమ్మీ కపూర్‌కు పాడిన గొంతే, దాని తెలుగు చిత్రంలో ఎన్.టి. రామారావుకు పాడింది. 1976లో ఆరాధన, 1979లో అక్బర్ సలీం అనార్కలి. ఈ చివరిదానికి సంగీతం సి. రామచంద్ర. ఆరాధనలో ప్రేయసిని పిలిచే ఆ పాట నేటికీ పెళ్ళి బ్యాండువాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. ఆయన తెలుగులో అక్కడక్కడా ఉర్దూ వాసన కొట్టేది, నిజమే. మరి మా నాన్నల తెలుగు ఎట్లుండేది? అట్లనే ఉండేది! బజార్లో మన యాసకు నవ్వినవాళ్ళే రఫీ తెలుగు పాటకు చెవులప్పగించేవారు. అది చూసి మాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

అందరితో మెత్తగా ఉండే మనిషి ఒక్కసారి మాత్రం పట్టుపట్టారు. 1960ల మొదట్లో గాయకులకూ రాయల్టీలో వాటా రావాలని లతా మంగేష్కర్ అడిగితే, పాడినందుకు డబ్బు ముట్టాక ఇక హక్కేముంటుందని రఫీ వాదించారు. ఇద్దరూ కొన్నేళ్ళు కలిసి పాడలేదు. 1967 ప్రాంతంలో గానీ రాజీ కుదరలేదు. రఫీ అంటే ప్రాణమిచ్చే వాణ్ణే అయినా, ఈ విషయంలో న్యాయం లతా వైపే ఉందంటాను. 2012లో చట్టం సవరించి గాయకులకు ఆ హక్కు ఇచ్చారు కదా!

పద్మశ్రీ వచ్చింది 1967లో. తర్వాత హజ్ చేసి వచ్చి, పాట మనకు తగదని కొందరు చెబితే కొంతకాలం పాడటం మానేశారు. మన ఇళ్ళల్లోనూ ఈ వాదన ఉన్నదే. మా ఇంట్లో రేడియో మూగబోయిన రోజులు నాకు గుర్తే. పెద్దలు నచ్చజెప్పాక ఆయన మళ్ళీ మైకు ముందుకొచ్చారు. అప్పటికి కిశోర్ కుమార్ గాలి వీస్తోంది. అయినా 1977లో వచ్చిన హమ్ కిసీసే కమ్ నహీఁ పాటకు జాతీయ అవార్డు అందుకున్నారు.

1980 జూలై 31న, రంజాన్ నెలలో, గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 55. కుండపోత వానలో వేలమంది జనాజా వెంట నడిచారు. జుహూ కబరస్తానులో దఫన్ చేశారు. 2010లో కొత్త మయ్యత్‌లకు చోటు చాలక పాత కబర్లు తీసేశారు, వాటితోపాటు రఫీదీ పోయింది. ఇప్పుడు అక్కడికి వెళ్ళే అభిమానులు, ఆ దాపున ఉన్న కొబ్బరిచెట్టును గుర్తుపెట్టుకుని, దాని కింద నిలబడి ఫాతిహా చదివి వస్తారు.