హాఫ్‌కిన్ పండితుని మనోవ్యథ

మహామారి ప్రబలినపుడు రోగికై దేశమెల్ల విలపించును. ఆ రోగి చెంత రేయింబవళ్లు నిలిచి పనిచేయువాని మనస్సు ఏమగుచున్నదో విచారించువారరుదు. వాల్డెమార్ హాఫ్‌కిన్ పండితుని చరిత్రము ఈ విషయమున మనకు కనువిప్పు కావలసియున్నదని మా యభిప్రాయము.

ఆయన 1860లో రష్యా సామ్రాజ్యమునందలి ఒడెస్సా నగరమున యూదుల యింట జన్మించెను. పారిసులోని పాస్తరు పరిశోధనాలయమున పనిచేయుచు 1892లో కలరాకు టీకామందు సిద్ధపఱచి, మొదట తన దేహముననే పరీక్షించుకొనెను. మఱుసటి సంవత్సరము కలకత్తాకు వచ్చి, ఊరూరు తిరిగి వేలకొలది జనులకు టీకాలు వేసెను.

1896లో బొంబాయిని ప్లేగు పట్టుకొనెను. హాఫ్‌కిన్ అచ్చటి గ్రాంటు వైద్యకళాశాలలో, కొలదిమంది సహాయకులతో, ఇఱుకైన చోట పని ప్రారంభించెను. మూడు మాసములు విశ్రాంతి యనునది లేదు. ఆ శ్రమకు తాళలేక సహాయకులలో నొకనికి మనస్సు చెదరెను. మఱి యిద్దఱు పని మానివేసిరి. 1897 జనవరి 10వ తేదీన హాఫ్‌కిన్ ప్లేగు టీకాను తానే మొదట వేయించుకొనెను. లోకము ఆ తేదీని జ్ఞాపకముంచుకొన్నది. మనస్సు చెదరిన ఆ సహాయకుని మఱచినది.

తుదకు ఆ వంతు హాఫ్‌కిన్‌కే వచ్చెను. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున టీకా వేయించుకొన్నవారిలో 19 మంది ధనుర్వాతముచే మరణించిరి. వారందఱికిని వేసిన మందు ఒకే సీసాలోనిది. ప్రభుత్వమువారాయనను పనినుండి తప్పించిరి. ఆ గ్రామముననే చిమటా నేలబడగా దానిని చక్కగా శుద్ధిచేయక సీసా తెఱచిరను సంగతి వెల్లడియైనను, దోషము ప్రయోగశాలదేయని విచారణసంఘము తలచెను. లక్షల ప్రాణములను కాచుటకు పాటుపడినవాడు సంవత్సరముల తరబడి హంతకుడను నింద మోసెను.

మన సికిందరాబాదు చెంత బేగంపేటలో 1897న మలేరియా క్రిమిని దోమ కడుపున కనుగొన్న రొనాల్డు రాసు మున్నగు శాస్త్రజ్ఞులు 1907లో బహిరంగముగా ఆయన పక్షము వహించిరి. నింద తొలగెను. కలకత్తాలో ఉద్యోగము లభించెను గాని, బొంబాయిలోని పూర్వపదవి మరల దక్కలేదు. 1925లో బొంబాయి పరిశోధనాలయమునకు ఆయన పేరు పెట్టిరి. 1930లో స్విట్జర్లాండునందలి లోజాన్ నగరమున ఆయన కన్నుమూసెను.

ఇది దూరదేశపు కథయని మనవారు తలపరాదు. 2020, 2021 సంవత్సరములలో కరోనా ప్రబలినపుడు, కృష్ణాతీరమునందలి కొల్లాపూరు మొదలుకొని తెలంగాణమంతటను ఆశా కార్యకర్తలు, నర్సులు, పారిశుద్ధ్య కార్మికులు ఇల్లిల్లు తిరిగి, సంధ్యవేళ తమ బిడ్డలను దగ్గఱకు తీయుటకు వెఱచిరి. కొన్ని పట్టణములలో ఇంటి యజమానులు వైద్యులను ఖాళీచేయుమనిరి. 2020 జూనులో గాంధీ ఆసుపత్రియందొక రోగి మరణించగా వైద్యునిపై దాడి జరిగెను. రోగము వారి దేహములను తాకకున్నను, మన యనుమానము వారి మనస్సులను తాకెను.

చప్పట్లు, పూలదండలు ఈ గాయమును మాన్పజాలవు. పనివంతులలో విశ్రాంతి, నింద మోపుటకు ముందు విచారణ, అద్దెకడుగ వచ్చిన నర్సుకు తెఱచిన తలుపు కావలయును. మొదటి రెండును ప్రభుత్వము చేయవలసినవి. మూడవది మన చేతనున్నది. మఱియొక మహామారి వచ్చువఱకు వేచియుండక, ఇండ్లుగల మన పెద్దలు ఈ ధర్మమును నేడే పాటింతురుగాక యని మేము కోరుచున్నాము.