కట్టమంచి రామలింగారెడ్డి

చిత్తూరు పట్టణమునకు చేరువనున్న కట్టమంచి గ్రామమున 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన రామలింగారెడ్డిగారు జన్మించిరి. సి.ఆర్.రెడ్డి యను పేర లోకమునకు తెలిసినవారు వీరే. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగనే, 1899లో, ముసలమ్మ మరణమను కావ్యమును రచించిరి. అనంతపురము దాపుననున్న బుక్కరాయసముద్రపు చెరువుకట్ట తెగనుండగా ఊరికొరకు ప్రాణమర్పించిన ఇల్లాలి కథ యది. పదిమంది మేలుకై ఒక్కరి ప్రాణము కోరుటకు ఊరికి హక్కు కలదా యను సందేహము చదువరికి కలుగకమానదు. ఉదారవాదమను రాజనీతికి మొదటి ప్రశ్నయు ఇదియే.

పిమ్మట ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండునకేగి, కేంబ్రిడ్జిలో చరిత్రమందు ప్రథమశ్రేణి నొందిరి. అచ్చటి విద్యార్థుల వాదసభయగు యూనియనుకు ఉపాధ్యక్షులైరి. ప్రభుత్వము చట్టమునకు లోబడవలెననియు, చట్టమెదుట ఎల్లరును సమానులనియు, తలపునకును వాక్కునకును సంకెల తగదనియు చెప్పు ఉదారవాదమునకు అప్పుడా దేశమున మంచి ప్రాబల్యముండెను.

స్వదేశమునకు వచ్చి బరోడాలోను, మైసూరులోను విద్యారంగమున పనిచేసిరి. మైసూరు సంస్థానమున విద్యాశాఖాధిపతిగా నున్నపుడు అంటరానివారనబడిన బిడ్డలకు సర్కారు బడుల తలుపులు తెరపించిరి. అందులకు కోపించినవారు కొందరు కాదు. సాహిత్యమునందును వారి ధోరణి యదియే. 1914 నాటి కవిత్వతత్త్వవిచారమున, పూర్వకవులని మ్రొక్కి యూరకుండక, ప్రబంధముల గుణదోషములను నిర్భయముగ తూచిరి. పండితులు పెక్కుమంది నొచ్చుకొనిరి. అయినను తెలుగున నేటి విమర్శకు దారి చూపిన గ్రంథములలో అది ముఖ్యమైనది.

రాజకీయమున మొదట జస్టిసు పక్షమున చేరిరి. ఆ పక్షపు ముఖ్యమంత్రి పానగల్లు రాజావారు కాళహస్తిలో పుట్టినవారు. పరిపాలన నచ్చక రెడ్డిగారు ఆ పక్షమును వీడి, 1923 నవంబరున మద్రాసు శాసనసభలో మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము తెచ్చిరి. ఆ సభలో అట్టి తీర్మానమునకు అదియే మొదలు. పూర్వము కరణము జమాబందిలో లెక్క ఒప్పగించినట్లు మంత్రులును సభకు లెక్క చెప్పవలెననుట దాని సారము. తీర్మానము వీగిపోయెను గాని, అడుగవచ్చునను సంగతి అందరికిని తెలిసెను.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడగా దానికి ప్రథమ ఉపాధ్యక్షులైరి. పసిబిడ్డవంటి సంస్థ, వదలిన ఏమగునో తెలియదు. 1930లో ఉప్పు సత్యాగ్రహమును ప్రభుత్వము లాఠీలతో అణచుచుండగా, దానికి నిరసనగా రెడ్డిగారు ఆ పదవిని త్యజించిరి. వారు సత్యాగ్రహి కారు, జైలున కేగినవారును కారు. అయినను ప్రజలను కొట్టించు ప్రభుత్వము క్రింద పదవిని అనుభవించుట వారికి సమ్మతము కాలేదు. తరువాత ఆ స్థానమునకు సర్వేపల్లి రాధాకృష్ణగారు వచ్చిరి.

1936లో మరల ఆ పదవికి వచ్చి 1949 వరకు నిర్వహించిరి. 1942లో ఆంగ్లప్రభుత్వము వారికి సర్ బిరుదము నొసగెను. అదే సంవత్సరము ఆగస్టున క్విట్ ఇండియా ఉద్యమము లేచి దేశనాయకులు చెరసాలల పాలైరి. 1930లో పదవి విడిచిన చేయి బిరుదమును ఎట్లు పట్టెనని నాడు అడిగినవారు కలరు. అది అడుగదగిన ప్రశ్నయే. విశ్వవిద్యాలయము నిలుచుటయే దేశసేవ యని సమాధానము చెప్పువారును కలరు.

రెడ్డిగారు వివాహము చేసికొనలేదు. 1951 ఫిబ్రవరి 24వ తేదీన దివంగతులైరి. ఏలూరున 1945లో నెలకొనిన కళాశాల వారి పేరనే నడచుచున్నది.