బడిపంతులు ఫునకోషి

కరాటే విద్యను జపాను దేశమంతటా వ్యాపింపజేసిన గిచిన్ ఫునకోషి 1868లో ఒకినావా ద్వీపమందలి షూరి పట్టణంలో జన్మించారు. వృత్తిరీత్యా వారు బడిపంతులు. అజాతో, ఇతోసు అను గురువుల వద్ద విద్య నభ్యసించి, 1922లో టోక్యో నగరంలో ప్రదర్శించి, అచటనే స్థిరపడ్డారు. జూడో స్థాపకులు కానో ఏర్పరచిన శ్రేణుల పద్ధతిని అనుసరించి, 1924లో శిష్యులకు బ్లాక్ బెల్టులు ప్రదానం చేశారు. సాధన నమస్కారంతో ఆరంభమై నమస్కారంతోనే ముగియవలెనని వారి బోధ.

1957లో వారు పరమపదించినప్పుడు అంత్యక్రియలు జరిపే అధికారం ఎవరిదన్న వివాదం రేగి శిష్యులు రెండు వర్గాలుగా చీలిపోయారు. కలసి నమస్కరించవలసిన చోటనే వారసత్వానికై కలహించారు. శ్రేణిని బెల్టు తెలుపగలదు. గురువునకు నిజమైన వారసుడెవరో శిష్యుని నడవడియే తెలుపవలెను.